తిడితేనే పొంగే కుండ

కనకకూట నగరంలో కోట ఎంత గొప్పదో చెప్పమని అడిగితే, ఆ ఊరివాళ్లు కోట సంగతి పక్కనబెట్టి ముందు పానశాల గురించి ఎత్తుకునేవారు. ఎత్తుకోరు మరి? దాని గోడలు చంద్రకాంత శిలలు. స్తంభాల నిండా పగడాల తీగలు, తీగలకు పచ్చల ఆకులు, ఆకుల చాటున కెంపుల పండ్లు. పైకప్పు కింద వేలాడే వెండి గంటలు చిరుగాలికే గలగలమనేవి. పాలరాతి నేల మీద పన్నీరు చల్లి, ఆ తడి మీద సంపెంగ రేకులు పరిచేవారు. నట్టనడుమ ఏనుగు దిగినా మునిగిపోయేంత రాగి కొప్పెర. దాని అంచు నుంచి బంగారు గొట్టాలు బయలుదేరి, వీధివీధికీ పాకి, కూడళ్లలో రాతి సింహాల నోళ్లలో తేలేవి. ఎవడికి దాహం వేసినా సింహం నోటి కింద దోసిలి పడితే శాంతపానం ధారగా కారేది.

ఊరందరికీ ఊరికే ఎందుకు పోస్తున్నారయ్యా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడగాలంటే లోపల ఎక్కడో కాస్త మండాలి. ఆ పానం గొంతు దిగినవాడికి ఏదీ మండదు. పొలం లాక్కుంటే నవ్వుతూ ఇచ్చేశారు. కొడుకును రాళ్లు మోయడానికి ఈడ్చుకుపోతే వీధి చివరిదాకా వచ్చి నవ్వుతూ సాగనంపారు. మాంత్రికుడు శీతలాక్షుడు అడవిలోంచి తెచ్చిన ఏదో వేరు తాలూకు మహిమ అది. దాన్ని మొట్టమొదట రుచి చూసినవాడు రాజు ప్రసన్నవర్మ. ఆ పూట నుంచీ ఆయన సింహాసనం మీద నవ్వుతూ కూర్చునే ఉన్నాడు. రాజ్యం ఏలేది మాంత్రికుడే.

సరిగ్గా ఆ పానశాల దక్షిణ ద్వారం ముందు, నెత్తిన పూలబుట్టతో, నోట్లో నాలుక లేనట్టు తల వంచుకుని నిలబడి ఉంది అసిరి. పైకి తల వంచుకుందే గానీ లోపల పళ్లు పటపట కొరుకుతోంది.

అసిరిది కొండల కింద చోళ్లవలస. ఆ ఊళ్లో రాజుగారి ముద్ర పడని, కల్లు కాచే కుండలసాల ఒకటుంది. తాటాకు కప్పు, పేడ అలికిన నేల, గోడవారగా నల్లటి బానలు. అంతే దాని వైభవం. కానీ అక్కడి కల్లు కోసం మూడు కొండల అవతలి నుంచి కూడా మనుషులు వచ్చేవారు. చోళ్లను, అంటే రాగుల్ని, నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి పులియబెడితే వచ్చేది ఎర్రచోడి. అది పొలం పని చేసి వచ్చినవాడి దాహానికి. సామలతో తేలిగ్గా, పుల్లగా చేసేది తెల్లసామ. అది బాలింతలు కూడా తాగేవారు. మొలక జొన్నల్ని పెనం మీద మాడేదాకా వేయించి కాచేది మాడుజొన్న. దాని నలుపు చూసి కొత్తవాళ్లు మొహం చిట్లించేవారు, ముంత ఖాళీ అయ్యాక ఇంకో ముంత అడిగేవారు.

ఈ మూడింటికీ తల్లి ఒక్కటే. తోడు ఉండే పాతకుండ. పాలకు తోడేసినట్టే ఆ కుండలోని పులుపు ముద్ద కాస్త తీసి కలిపితేనే ఏ బానైనా పొంగుతుంది. ఊళ్లో అందరూ దాన్ని ముసిల్ది అనేవారు. ఎవరి ముత్తవ్వ మొదలుపెట్టిందో ఎవరికీ తెలియదు. దానికి రోజూ గుప్పెడు మొలకపిండి వెయ్యాలి, వేస్తూ తిట్టాలి. మనసారా, నోరారా తిట్టాలి. తిట్టకపోతే అది అలిగి అడుగున పడుకుంటుంది, చప్పబడి చస్తుంది. ఎందుకు తిట్టాలని అడిగితే అసిరి తండ్రి దాలయ్య అడిగినవాణ్ని కూడా కలిపి తిట్టేవాడు. కుండలసాలకు పెద్ద ఆయనే. ఆయన తిట్లకు చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లు కూడా కాసేపు ఆగి, విని, నవ్వుకుని వెళ్లేవారు.

రాజ్యంలోని కల్లుశాలలన్నిటికీ శీతలాక్షుడు తాళం వేయించాడు. చోళ్లవలస ఒప్పుకోలేదు. తీపి నీళ్లు మాకెందుకన్నారు, పీపాలు తెచ్చిన బండ్లను వెనక్కి తిప్పారు. దానితో వాడు సైన్యాన్నే పంపాడు. భటులు బానలన్నీ పగలగొట్టి, ముసిల్దాని మూతికి రాజముద్ర వేసి, అడ్డం పడిన దాలయ్యను కూడా కట్టి బండిలో వేసుకుపోయారు. ఆ పూట పగిలిన బానల మధ్య నిలబడి, ముసిల్దాన్ని తీసుకురాకుండా ఊళ్లో కాలు పెట్టనని అసిరి అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. ముసిల్ది రాకపోతే చోళ్లవలసలో ఇంక కల్లు అనే మాట లేదు. దాహమైన రోజున ఆ తీపి నీళ్లకే దోసిలి పట్టాలి. పట్టాక ఇంకేముంది, ఊరు ఊరంతా నవ్వుతూ కూర్చుంటుంది.

అసిరి మొసళ్ల మడుగు ఈదింది. కోట కందకం చుట్టూ కాపలా తిరిగే ఇత్తడి తోడేళ్ల కళ్లల్లో కారం కొట్టి తప్పించుకుంది. చివరికి కాలి కడియాలు ఊడదీసి ఒక మూగ పూలమ్మి చేతిలో పెట్టి, దాని చీర, దాని బుట్ట, దాని మూగతనం పుచ్చుకుంది. మడుగు ఈదడం తేలికే. నోరు మూసుకుని ఉండటమే ప్రాణం మీదికి వస్తోంది.

ద్వారం దగ్గర ఎవరొచ్చినా ముంతెడు శాంతపానం తాగాలి. తాగి, “హాయి” అని నోటితో చెప్పాలి. మాట బయటికి వచ్చిందంటే పానం లోపలికి పోయినట్టు లెక్క. అసిరి తాగినట్టు నటించి బుగ్గల్లో పట్టుకుంది. మాట చెప్పమని భటుడు అడిగితే వేలితో గొంతు చూపించింది. మూగదా, పాపం, పో అన్నాడు వాడు. అసిరి వాకిలి దాటి స్తంభం చాటుకు పోయి, బుట్టలోని బంతిపూల మీద ఉమ్మేసింది. కానీ నడకలో ఒక గుక్క గొంతులోకి జారనే జారింది.

అంతలో వెనక ధాన్యం మోసుకొస్తున్న ముసలి కూలీ ఒకడు కాలు జారి పడ్డాడు. భటుడు నింపాదిగా వెళ్లి డొక్కలో ఒక్కటి తన్నాడు. ముసలాయన లేచి, చిత్తం బాబూ అని నవ్వాడు. ఆ నవ్వు చూసి అసిరి కూడా నవ్వింది. బాగానే ఉంది కదా, తన్నినవాడికీ కోపం లేదు, తన్నించుకున్నవాడికీ కోపం లేదు అనుకుంది. తానేం పని మీద వచ్చిందో కాసేపు గుర్తుకే రాలేదు.

అదృష్టం కొద్దీ చెయ్యి అలవాటుగా బొడ్డుకు పోయింది. అక్కడ కొంగున కట్టిన మడ్డి ముక్క ఉంది. పగిలిన బాన అడుగున గీకి తెచ్చుకున్నది, ఎండి రాయైపోయినది. దానితో తోడు వెయ్యలేరు గానీ ఆకలైనప్పుడు నాకితే పుల్లగా ప్రాణం లేచివస్తుంది. ఏమీ తోచక దాన్నే నోట్లో వేసుకుంది. నాలుక మీద పులుపు తగిలిందో లేదో అరికాలి మంట నెత్తికెక్కింది. తన్నిన భటుడి మీద, నవ్విన ముసలాయన మీద, అన్నిటికన్నా ముందు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. ఓహో, ముసిల్దాని పులుపు ముందు వీడి వేరు పప్పులుడకవన్నమాట అని అప్పుడు అర్థమైంది. ఆ సంగతి మాంత్రికుడికి తెలియదని కూడా అర్థమైంది. తెలిసి ఉంటే ఆ కుండను కోటలోకి రానిచ్చేవాడే కాదు.

లోపలి మండపంలోకి అడుగుపెట్టిన అసిరికి కొప్పెరా కనబడలేదు, పగడాల తీగలూ కనబడలేదు. ముసిల్ది కనబడింది.

వెండి పీట మీద పట్టుపరుపు, పరుపు మీద ముసిల్ది. మసిబారిన ఆ నల్లటి ఒంటికి గంధం పూశారు. మెడకు మల్లెదండ, మూతికి కర్పూరం. ఇటు ఒకడు వీణ వాయిస్తున్నాడు, అటు ఒకడు వింజామర వీస్తున్నాడు. గుండు గీయించుకున్న శిష్యులు బారుగా కూర్చుని, ఓ మధుజననీ, ఓ కల్పఘటమా, ఓ లోకపావనీ అంటూ గొంతులు కలిపి పొగుడుతున్నారు. కుండలో మాత్రం చలనం లేదు. పైన నీరు తేలి, అడుగున ముద్ద బూడిదరంగుకు తిరిగి, అంచున బూజు పట్టబోతోంది. ఈ పూట గడిస్తే ముసిల్ది దక్కదు.

వింజామర వీస్తున్నది దాలయ్య.

పట్టుపంచె కట్టి, నుదుట బొట్టు పెట్టి, గడ్డం దువ్వి మరీ నిలబెట్టారు. ఆయన నవ్వుతున్నాడు. అసిరి పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ ఆయన కళ్లు ఎప్పుడూ దేనిమీదో ఒకదాని మీద నిప్పులు చెరుగుతూ ఉండేవి. ఇప్పుడా కళ్లు కడిగిపెట్టిన సత్తుగిన్నెల్లా ఖాళీగా ఉన్నాయి. తోడు ఎలా చెయ్యాలో, పిండి ఎంతో, నీళ్లు ఎంతో, మొలక ఎన్ని పూటలో అడిగినదానికల్లా నవ్వుతూ చెప్పేశాడట. తిట్టాలన్న మాట ఒక్కటే చెప్పలేదు. దాచి కాదు. తిట్టడమంటే ఏమిటో ఆయనకే గుర్తులేదు.

అప్పుడు శీతలాక్షుడు వచ్చాడు. పొడుగాటి మనిషి, మంచులో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాడు. చేతిలో పాము తల బెత్తం. ఆ మండపంలో శాంతపానం ముట్టనివాడు వాడొక్కడే. లోకంలోని కోపమంతా తనకొక్కడికే ఉండాలని వాడి ఆశ. కొండ ఊళ్లవాళ్లు తన తీపి నీళ్లు తాగరని వాడికి బాగా తెలుసు. అందుకే ముసిల్దానితో ఎర్రచోడి, తెల్లసామ, మాడుజొన్న ఇక్కడే కాయించి, వాటిలో వేరు కలిపి, చోళ్లవలస కల్లు మళ్లీ వచ్చిందహో అని కొండలన్నిటా దండోరా వేయిద్దామని వాడి ఎత్తు. వాళ్ల పేరు, వాళ్ల రుచి, వాళ్ల నోటికే మందు. ఎంత దుర్మార్గమో చూడండి.

కుండ ఎందుకు పొంగలేదని వాడు నెమ్మదిగానే అడిగాడు. ఇంకా పొగడాలేమో స్వామీ అన్నారు శిష్యులు. వాడు విసుగ్గా చుట్టూ చూసి, పూలబుట్టతో నిలబడిన అసిరిని రమ్మని వేలు ఆడించాడు. మూగదని వాకిలి భటుడు చెబితే, శుభ్రమైన చేతులతో పిండి వేయమని సైగ చేశాడు. శిష్యుడొకడు బంగారు గిన్నె చేతికిచ్చాడు.

గిన్నెలో ఉన్నది మొలకపిండి కాదు. చోళ్లు మోటని శిష్యులు మార్చేసిన తెల్లటి బియ్యప్పిండి. అందులో పచ్చకర్పూరం, కుంకుమపువ్వు.

అసిరి గిన్నె పక్కనబెట్టి, మండపం మూలనున్న ధాన్యం బస్తాల దగ్గరికి పోయి, గుర్రాల దాణాకని తెచ్చిన మొలక చోళ్లు గుప్పెడు తీసుకుని, రాతి మీద నలిపి పట్టుకొచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పేంత పట్టింపు ఎవరికీ లేదు. మూతి మీది కర్పూరం తీసి పారేసింది. చెయ్యి లోపల పెట్టి ముద్దను కదిపింది, పిండి జల్లింది. ఇక్కడిదాకా అనుకున్నట్టే జరిగింది. పిండి వేసి, సందు చూసుకుని, కుండ చంకనేసుకుని, కూలీలు బస్తాలు మోసుకొచ్చే ధాన్యపు తలుపు గుండా పోవాలని ఆమె ఆలోచన.

కానీ పుట్టినప్పటి నుంచీ ముసిల్దానికి పిండి వెయ్యడమంటే తిట్టడమే. చెయ్యి జల్లితే నోరు ఆడాల్సిందే. చెయ్యి వేరూ నోరు వేరూ అని చోళ్లవలసలో ఎవరూ అనుకోరు. దానికితోడు ఆ గంధమూ, ఆ మల్లెదండా చూసి చూసి గొంతుదాకా వచ్చి ఉంది.

“ఓసి ముసిల్దానా, సిగ్గు నేదేటే నీకు? ఊరంతా గంజికి ఏడుస్తా ఉంటే పట్టుపరుపు మీద కూకొని వీణ ఇంతన్నావా? ఎవడో బోడిగుండోడు అమ్మా తల్లీ అనగానే ఒళ్లు మరిసిపోనావా? మా ముత్తవ్వ నిన్ను మసిగుడ్డతో తుడిసీది, నీకిప్పుడు గందం కావాల్సొచ్చింది. మేపిన పిండంతా ఏటి సేసినావే? కుళ్లుమోతు దానా, బద్దకాల పుట్టా, పొంగుతావా, పెంటకుప్ప మీదకి ఇసిరీమంటావా?”

వీణ ఆగిపోయింది. కుండ అడుగున బుడుక్కుమని చప్పుడైంది. మళ్లీ ఒకటి. తర్వాత వరసగా. బూడిదరంగు ముద్ద ఎర్రగా తిరిగి, నురగ కట్టి, పైకి లేచి, మల్లెదండను అవతలికి నెట్టేసింది. ఎండిన నేల మీద వాన పడ్డ వాసన, వేయించిన గింజల వాసన గుప్పుమంది. అసిరి రెండు చేతులతో నోరు మూసుకుంది. మూసుకుని ఏం లాభం, కొంప మునగనే మునిగింది.

“మూగది బాగానే మాట్లాడుతోంది. ఎవరీ పిల్ల?” అన్నాడు శీతలాక్షుడు.

దాలయ్య ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. “మా అసిరి బాబూ. నా కూతురు. సేనా మంచి గుంట,” అని నవ్వుతూ చెప్పాడు.

కన్నతండ్రే పట్టిచ్చాడు. పట్టిచ్చినట్టు ఆయనకే తెలియదు. ఆయన మీద కోప్పడదామన్నా ఎదుట మనిషంటూ ఉండాలి కదా. భటులిద్దరు వచ్చి ఆమె రెక్కలు పట్టుకున్నారు.

మాంత్రికుడి కళ్లు మెరిశాయి. తిట్టాలా, అంతేనా అని, ముందు వరసలోని శిష్యుణ్ని తిట్టమన్నాడు. వాడు లేచి, గొంతు సవరించుకుని, అమ్మా కుండా, తమరి ప్రవర్తన మాకు కొద్దిగా బాధ కలిగిస్తున్నది అన్నాడు. నురగ ఒక వేలు దిగిపోయింది. రెండోవాడు క్షమాపణతో మొదలుపెట్టాడు. అది ఇంకో వేలు దిగింది. మూడోవాడు ఎంత ప్రయత్నించినా కళ్లనీళ్లు వచ్చాయే గానీ తిట్టు రాలేదు. వాళ్లందరికీ కోపం ఎండిపోయి ఏళ్లయింది. పోనీ తానే తిడదామంటే మాంత్రికుడికి అది నామోషీ. మంత్రం పలికే నోటితో మట్టికుండను తిడతాడా?

“నువ్వే తిట్టాలి పిల్లా. ఇక్కడే ఉండి, రోజూ తిట్టాలి. నీ ఊరి కల్లు నీ చేత్తోనే కాచి కొండలన్నిటికీ పంపాలి,” అన్నాడు అసిరితో.

అసిరి పెదవి విప్పలేదు. ఇందాక మూసుకోవాల్సినప్పుడు తెరుచుకున్న నోరు ఇప్పుడు రాయిలా బిగుసుకుంది.

వాడు బతిమాలలేదు, బెదిరించలేదు. దాలయ్య వైపు తిరిగి, కొప్పెర మీద పానం కలిపేవాళ్లు నిలబడే పలక చూపించి, దాని మీదికెక్కి చివరిదాకా నడిచి కొప్పెరలోకి దిగమన్నాడు. మంచినీళ్లు తెమ్మన్నట్టు అన్నాడు. దాలయ్య చిత్తమన్నాడు. వింజామర జాగ్రత్తగా పీట మీద పెట్టి, పట్టుపంచె తడవకుండా కాస్త ఎత్తికట్టి మెట్లెక్కసాగాడు. ఈత రాని మనిషి, మోకాలి లోతు ఏరు దాటడానికి కూడా కూతురి భుజం పట్టుకునే మనిషి. మెట్టు మెట్టుకూ ఆగి, కింద అందరినీ చూసి నవ్వుతున్నాడు.

“అయ్యా, ఆగు. దిగొచ్చీ,” అంది అసిరి. అది తిట్టు కాదు. కుండ పొంగలేదు, ఆయనా ఆగలేదు.

అప్పుడు అసిరికి ఒళ్లు తెలియలేదు. రెక్కలు పట్టుకున్న భటులు శాంతపానం మనుషులు. బలముంది గానీ పట్టులో కసి లేదు. ఒకణ్ని మోచేత్తో పొడిచింది, ఇంకొకడి కాలు తొక్కింది. క్షమించమ్మా, పట్టుకోమన్నారు అంటూ వాళ్లు వెనకాల పడేలోగా వెండి పీట తన్నేసి, ముసిల్దాన్ని చంకనేసుకుంది. ధాన్యపు తలుపు ఎడం పక్కన బార్లా తెరిచి ఉంది. పరుగెత్తితే పోవచ్చు. కుండతో ఊరు చేరవచ్చు, ఒట్టు నిలబెట్టుకోవచ్చు. శీతలాక్షుడు కూడా అదే అనుకుని, తలుపు మూయమని బెత్తం అటు చూపించాడు.

ఆమె ఇటు, కొప్పెర మెట్ల వైపు పరుగెత్తింది.

ఆమె పైమెట్టు ఎక్కేసరికి దాలయ్య పలక చివర నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూసి తల ఊపి, గుమ్మం దాటినంత తేలిగ్గా అడుగు ముందుకు వేశాడు. తీపి వాసన కొట్టే ఆ బంగారు రంగు పానం ఆయన్ను చప్పుడు లేకుండా మింగేసింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర కాదు, దూకితే ఆ పానం గొంతు దిగి తానూ నవ్వుతూ మునిగిపోతుంది. అసిరి కుండ మూతి కిందికి తిప్పింది. ముత్తవ్వలు తిట్టి తిట్టి పెంచిన తోడు, చోళ్లవలసకు మిగిలిన ఒకే ఒక్క ప్రాణం, మొత్తం ముద్దగా కొప్పెరలో పడింది. ఖాళీ కుండ చేతిలోంచి జారి పాలరాతి మీద ముక్కలైంది.

“కదలవే ముసిలీ, మింగిన మడిసిని కక్కించు. ఇన్నేళ్లు మా సేతి కూడు తిన్నావు, ఇప్పుడు పడుకున్నావంటే నీ అంత ఇశ్వాసం నేనిది ఇంకోటి నేదు,” అని గొంతు చించుకుని అరిచింది.

కొప్పెర అడుగున ఉరిమింది. బంగారు రంగు మీద ఎర్రటి చార ఒకటి పాకింది. ఆ చార పాయలైంది, పాయలు సుడులయ్యాయి. ముసిల్ది మాంత్రికుడి వేరును ఆకలిగొన్న పులిలా తినేస్తోంది. తింటున్న కొద్దీ నురగ లేచింది. లేచి, దుంగను ఒడ్డుకు తోసినట్టు దాలయ్యను పైకి తోసి, పలక మీద బోర్లా పడేసింది. అసిరి ఆయన వీపు మీద చరిచింది. ఆయన తాగిన పానం కక్కాడు గానీ, దానితోపాటు నోట్లో పడిన ముసిల్దాని పులుపు కొంత మింగాడు కూడా.

కింద శీతలాక్షుడి తెల్లటి మొహం కందిపోయింది. నామోషీ గాలికి పోయింది. దరిద్రపు ముండా, నా కొప్పెర, నా పానం, తోలు ఒలిపిస్తాను అంటూ బెత్తం ఊపి చిందులు తొక్కాడు. వాడు తిట్టిన తిట్టు తిట్టుకూ కొప్పెరలో నురగ మూరెడు చొప్పున లేచింది. అది చూసి వాడు చటుక్కున నోరు మూశాడు. భటులు ఆజ్ఞ కోసం వాడి మొహంలోకి చూశారు. నోరు తెరిస్తే వచ్చేది తిట్టే, అందుకని వాడు ఊపిరి బిగబట్టి, బెత్తంతో గాలిలో ఏవో గీతలు గీయడం మొదలుపెట్టాడు. పాము తల కళ్లు ఎర్రబడ్డాయి. అది మంత్రం కాదు, అంతకన్నా చెడ్డదేదో.

పలక మీద దాలయ్య కళ్లు తెరిచాడు. మొదట దగ్గాడు. తర్వాత తన పట్టుపంచె చూసుకున్నాడు, బొట్టు తుడుచుకుని వేలి మీది ఎరుపు చూసుకున్నాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఆయన చూపు మెల్లగా పలక మీంచి కిందికి, పాలరాతి మీద చెల్లాచెదురుగా పడిన నల్లటి పెంకుల దాకా పోయి ఆగిపోయింది.

“ఏటే ఇది?” అన్నాడు.

అసిరి తన ఖాళీ చేతుల వైపు చూసుకుంది.

“ముసిల్దాన్ని పారబోసీసినావా? నువ్వా?” ఆయన లేచి కూర్చున్నాడు. “మా అయ్య సచ్చిపోతా నా సేతిలో ఎట్టినాడే దాన్ని. కరువొచ్చినప్పుడు మీ యమ్మ తన కూడు మానీసి దానికి పిండేసింది. నన్ను సావనిచ్చీవలసింది. ముసలోణ్ని, ఇయాల కాపోతే రేపు పోతాను. దాన్ని పారబోసి నన్ను తీస్తావా, బుద్ది నేని దానా? రేపు ఊరికి ఏ మొకం ఎట్టుకుని ఎల్తామే?”

అది వట్టి తిట్టు కాదు. ఆయన నిజంగానే కోప్పడుతున్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు. ఒట్టు తప్పింది, కుండ పోయింది, అన్నీ నిజాలే. చెంపలు తడుస్తుంటే తుడుచుకోకుండా ఆయన భుజాలు గట్టిగా పట్టుకుంది.

“ఆపకయ్యా. తిట్టు. ఇంకా తిట్టు.”

ఆయనకు ఆ మాటతో మరీ చిర్రెత్తుకొచ్చింది. లేచి నిలబడి, పలక అదిరేలా అరిచాడు. కూతుర్ని తిట్టాడు, దాన్ని కన్నందుకు తనను తిట్టుకున్నాడు, నవ్వుతూ వింజామర వీసిన తన చేతుల్ని తిట్టాడు, కింద బెత్తం ఊపుతున్నవాణ్ని వాడి పుట్టుక దగ్గర నుంచీ మొదలుపెట్టి తిట్టాడు. ఆ ఒక్కో మాటకూ కొప్పెర అడుగు నుంచి బొళబొళమంటూ లేచి, ఎర్రటి నురగ అంచు తాకింది, అంచు దాటింది, బంగారు గొట్టాల నోళ్లలో పడి గుటగుటమంటూ ఊళ్లోకి పరుగు తీసింది.

శీతలాక్షుడి బెత్తం నుంచి పాము తల ఊడి నేల మీద పడి, పడగ విప్పి, కొప్పెర మెట్ల వైపు పాకసాగింది. దాలయ్య దాన్ని చూడలేదు, తిడుతూనే ఉన్నాడు. అసిరి తండ్రికి అడ్డంగా వచ్చి, కలిపేవాళ్లు వదిలేసిన గరిటె కర్ర రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. దూరంగా, మొదటి కూడలిలోని సింహం నోటి కింద, దోసిలి పట్టినవాడెవడో తాగి, ఏళ్ల తర్వాత మొదటిసారిగా అరుస్తున్నాడు, నా కొడుకేడిరా అని.